పేరు వేస్తే సరిపోదు: ఫొటోలూ పాటలూ వాడుకునేవాళ్లకు కాపీరైట్

వీడియో కింద "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు, హక్కులన్నీ అసలు యజమానులవే" అని రాసిపెట్టేవాళ్లు కోకొల్లలు. చట్టం ముందు ఆ వాక్యానికి విలువ సున్నా. నిజానికి సున్నా కన్నా తక్కువే. ఇది నాది కాదని నాకు తెలుసు, తెలిసే వాడాను అని స్వహస్తాలతో రాసిచ్చినట్టు అవుతుంది. "ఫొటో: గూగుల్" అనేది ఇంకో ముచ్చట. గూగుల్ ఆ ఫొటో తీయలేదు. ఎక్కడుందో చూపించింది, అంతే.

పేరు చెప్పడమూ అనుమతి తీసుకోవడమూ ఒకటే అనుకోవడం దగ్గరే తప్పటడుగు పడుతుంది. చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు బాకీలు. రచన ఎవరిదో చెప్పడం, దాన్ని వికృతం చేయకుండా ఉండడం నైతిక హక్కుల కిందికి వస్తాయి. నకలు తీయడం, పంచడం, జనానికి చూపించడం లేదా వినిపించడం, అనువదించడం, మార్చి ఇంకో రూపంలోకి తేవడం ఆర్థిక హక్కులు. ఒక బాకీ తీర్చినంత మాత్రాన రెండోది మాఫీ కాదు. అలాగే డబ్బు కట్టి అనుమతి తెచ్చుకున్నా, చాలా దేశాల్లో పేరు చెప్పాల్సిన బాధ్యత మిగిలే ఉంటుంది.

కాపీరైట్ కోసం ఎక్కడా దరఖాస్తు పెట్టక్కర్లేదు. రాసిన క్షణానే, తీసిన క్షణానే, రికార్డు చేసిన క్షణానే అది పుడుతుంది. 1886 నాటి బెర్న్ అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నింటిలో ఇప్పుడు ఇదే సూత్రం. అమెరికా అందులో తీరిగ్గా 1989లో చేరింది. వృత్తంలో సి గుర్తు లేకపోతే ఎవరైనా వాడుకోవచ్చు అనే నమ్మకం ఆ పాత అమెరికా నిబంధనల తాలూకు మిగులే. అక్కడ ఒకప్పుడు ఆ గుర్తు వేయకుండా ప్రచురిస్తే హక్కు పోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు లేదు. ఫోనుతో తీసిన మసక ఫొటోకూ, ఎవరో గ్రూపులో రాసిన పది లైన్ల కవితకూ గుర్తుతో పని లేకుండానే రక్షణ ఉంటుంది.

రిజిస్ట్రేషన్ హక్కును పుట్టించదు, రుజువును ఇస్తుంది. అమెరికాలో మాత్రం దానికి పదునెక్కువ. అక్కడి రచనలకు రిజిస్ట్రేషన్ లేకుండా కోర్టుకు వెళ్లలేరు. ఉల్లంఘన మొదలవకముందే, లేదా ప్రచురించిన మూడు నెలల్లోపు రిజిస్టరు చేసుంటే, నష్టం ఎంతో లెక్క చూపకపోయినా కోర్టు ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్ల దాకా ఇప్పించవచ్చు. తెలిసి చేశారని తేలితే ఆ పరిమితి 1,50,000 డాలర్లు.

అన్నింటికీ రక్షణ ఉంటుందని కాదు. ఆలోచనకు లేదు, వాస్తవానికి లేదు, పని చేసే పద్ధతికి లేదు. వాటిని చెప్పిన తీరుకే ఉంది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఒక టెలిఫోన్ డైరెక్టరీ కేసులో ఈ గీతను స్పష్టంగా గీసింది. పేర్లూ నంబర్లూ సేకరించడానికి ఎంత చెమటోడ్చారన్నది లెక్కలోకి రాదు, ఎంపికలోనో అమరికలోనో కాస్తయినా సృజన ఉండాలి, అక్షరక్రమంలో పేర్చడం సృజన కాదు అంది. (యూరప్‌లో డేటాబేసులకు 15 ఏళ్ల ప్రత్యేక హక్కు విడిగా ఉంది, ఆ సంగతి మర్చిపోకూడదు.) కాబట్టి వార్తలోని సంగతిని మీ మాటల్లో చెప్పొచ్చు, వార్త రాసినవారి వాక్యాలను దించేయకూడదు. పేర్లకూ చిన్న చిన్న నినాదాలకూ సాధారణంగా కాపీరైట్ దొరకదు. అవి ట్రేడ్‌మార్క్ అయ్యుండొచ్చు, అది వేరే చట్టం.

ఒక్క ఫైలు, ఎన్ని చేతులు

నా లెక్కలో కాపీరైట్‌లో అర్థం చేసుకోవాల్సిన అసలు విషయం ఇది: ఫైలు ఒకటే కావచ్చు, హక్కు ఒకటి కాదు. పాటనే తీసుకోండి. సాహిత్యం ఒకరిది, బాణీ ఇంకొకరిది, స్టూడియోలో చేసిన రికార్డింగు మరొకరిది. ఆ రికార్డింగును వీడియోకి జత చేయాలంటే బాణీ, సాహిత్యం హక్కుదారుల నుంచి ఒక అనుమతి, రికార్డింగు హక్కుదారు నుంచి ఇంకో అనుమతి కావాలి. మీరే సొంత గొంతుతో పాడి పెడితే రెండోది అక్కర్లేదు, మొదటిది కావాలి. "నేనే పాడాను కదా, కాపీరైట్ ఎలా వస్తుంది" అని ఆశ్చర్యపోయేవాళ్లు మర్చిపోయేది ఈ పొరనే.

దీని తిరగబడ్డ రూపమూ ఉంది. బీథోవెన్ 1827లో పోయాడు. ఆయన బాణీలు ఎవరైనా వాయించుకోవచ్చు. కానీ పదేళ్ల కిందట ఏదో ఆర్కెస్ట్రా వాయించిన రికార్డింగు ఆర్కెస్ట్రాదో, కంపెనీదో. పురాతన కావ్యం అందరిదీ, దానికి ఈమధ్య వచ్చిన అనువాదం అనువాదకుడిది. వందల ఏళ్ల నాటి గ్రంథానికి నిన్న రాసిన ముందుమాట, గీసిన బొమ్మలు ఎవరివి వారివే. పాతదే కదా అని మొత్తం స్కాన్ చేసి పెట్టేటప్పుడు చిక్కు వచ్చేది ఇక్కడే.

ఫొటోలో ఉన్నది నేను కాబట్టి ఫొటో నాదే అనేది మరో గట్టి అపోహ. సాధారణంగా హక్కు తీసినవారిది. మీ ముఖం మీద మీకున్నది వేరే హక్కు, అది కాపీరైట్ కాదు. డబ్బిచ్చి తీయించుకుంటే ఏమవుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. భారత చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారే తొలి యజమాని. అమెరికాలో మాత్రం రాతపూర్వకంగా బదలాయించకపోతే ఫొటోగ్రాఫర్‌దే. రెండు చోట్లా పనికొచ్చే మందు ఒకటే: పని మొదలవకముందే, ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ఒక ఈమెయిల్లో రాయించుకోవడం. భారత చట్టంలో ఇంకో మెలిక ఉంది. హక్కులు రాసిచ్చిన పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే అది అయిదేళ్లే అనుకుంటారు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే.

ఉత్తరం వచ్చినవారిదే కాగితం, అందులోని మాటలు రాసినవారివి. వాట్సాప్ సందేశానికీ అంతే. ఉద్యోగంలో భాగంగా చేసిన పని చాలా దేశాల్లో యజమానిది.

మరి మనిషే చేయకపోతే? ఓ కోతి కెమెరా అందుకుని తన ఫొటో తానే తీసుకున్న వ్యవహారం 2018లో అమెరికా అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. కాపీరైట్ చట్టం కింద దావా వేసే అర్హత జంతువుకు లేదని కోర్టు తేల్చింది. 2025లో మరో అప్పీలు కోర్టు, పూర్తిగా కృత్రిమ మేధ చేసిన బొమ్మకు అమెరికాలో కాపీరైట్ ఇవ్వలేమంది, రచయిత మనిషే అయ్యుండాలంది. దీన్నుంచి ఏఐ బొమ్మలు ఎలాగైనా వాడుకోవచ్చని తేల్చేసుకోవద్దు. ఆ బొమ్మ ఎవరిదో రక్షిత పాత్రను పోలి ఉంటే, ఆ పాత్ర హక్కుదారు మీ మీదికే వస్తాడు.

గడువు లెక్క

బెర్న్ ఒప్పందం చెప్పిన కనీస గడువు రచయిత మరణించాక 50 ఏళ్లు. భారతదేశంలో 60, యూరోపియన్ యూనియన్‌లో 70. పోయిన తేదీ నుంచి కాకుండా ఆ తర్వాత వచ్చే జనవరి 1 నుంచి లెక్కిస్తారు. గాంధీ 1948 జనవరి 30న చనిపోయారు. భారతదేశంలో ఆయన రచనల గడువు 2008 చివరి దాకా సాగింది, 2009 జనవరి 1న అవి అందరివీ అయ్యాయి. 1960లో పోయిన రచయిత పుస్తకం 60 ఏళ్ల దేశంలో 2021లోనే విడుదలైతే, 70 ఏళ్ల దేశంలో 2031 దాకా ఆగాలి. అంటే ఒకే స్కాన్ ఒక దేశపు వెబ్‌సైట్‌లో సక్రమం, ఇంకో దేశంలో ఉల్లంఘన కావచ్చు. అమెరికాలో పాత ప్రచురణలకు మరణంతో సంబంధం లేదు, అచ్చయినప్పటి నుంచి 95 ఏళ్లు. 1929లో అక్కడ అచ్చయిన బాణీ 2025 జనవరి 1న స్వేచ్ఛ పొందింది. కానీ అదే ఏడాది విడుదలైన ఆ పాట రికార్డింగుకు 100 ఏళ్ల లెక్క, 2030 దాకా ఆగాల్సిందే. మళ్లీ పొరలే.

సెకన్ల లెక్క ఎక్కడా లేదు

"పది సెకన్ల లోపు అయితే ఏం కాదు", "ముప్పై సెకన్ల దాకా పర్వాలేదు", "పది శాతం దాకా వాడుకోవచ్చు". వీటిని ఏ చట్టమూ అందరికీ వర్తించే సూత్రంగా చెప్పలేదు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసు చూడండి. మాజీ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఆత్మకథ సుమారు రెండు లక్షల పదాల రాతప్రతి. అది బయటకి రాకముందే ఒక పత్రిక అందులోంచి 300 నుంచి 400 పదాలు ఎత్తి కథనం వేసింది. శాతంలో చూస్తే సమ్మెట ముందు సూది. అయినా పత్రిక ఓడిపోయింది. ఎందుకంటే ఎత్తుకున్నది పుస్తకానికి గుండెకాయ లాంటి భాగం, పైగా ఇంకా ప్రచురణ కానిది. ఆ భాగాలను ముందుగా వేసుకోవడానికి ఒప్పందం చేసుకున్న మరో పత్రిక, ఈ కథనం చూశాక ఇవ్వాల్సిన మిగతా సొమ్ము ఇవ్వనంది. నష్టం కళ్ల ముందే కనిపించింది. మరోవైపు, సెర్చ్ ఇంజిన్లు ఫొటో మొత్తాన్నీ చిన్న బొమ్మగా చూపించడం ఫెయిర్ యూజేనని, అంటే అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకమేనని, అదే దేశపు అప్పీలు కోర్టు తీర్పులిచ్చింది. కొంచెం వాడినవాడు ఓడాడు, మొత్తం వాడినవాడు గెలిచాడు.

అమెరికా ఫెయిర్ యూజ్‌లో కోర్టు నాలుగు సంగతులను కలిపి తూస్తుంది: ఎందుకు, ఎలా వాడారు; వాడిన రచన ఎలాంటిది; ఎంత భాగం, అందులో ఎంత కీలకమైన భాగం; దాని మార్కెట్‌కు ఏ మేరకు దెబ్బ తగిలింది. ఏ ఒక్కటీ ఒంటరిగా తేల్చదు. డబ్బు సంపాదించడం లేదు కాబట్టి ఫెయిర్ యూజ్ అనేవారు మొదటిదాంట్లో సగం మాత్రమే చదివారన్నమాట. భారతదేశం, బ్రిటన్ లాంటి చోట్ల ఉన్నది ఫెయిర్ డీలింగ్. దాని స్వభావం వేరు. చట్టం చెప్పిన ప్రయోజనాల్లో మీ వాడకం ఇమడాలి, ఆ పైన న్యాయంగానూ ఉండాలి. భారత చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన సంఘటనల వార్తాకథనం వంటివి చెబుతుంది. పేరడీ పేరు అందులో లేదు. బ్రిటన్ 2014లో దాన్ని విడిగా చేర్చుకుంది.

ఆచరణలో సమీక్ష చేసేవారికి నేను చెప్పే కొలమానం ఇది. మీ వ్యాఖ్యానం తీసేస్తే ఆ క్లిప్పు అక్కడ ఉండడానికి కారణం మిగులుతుందా? మిగిలితే మీరు క్లిప్పునే చూపిస్తున్నారు, దాని గురించి మాట్లాడడం లేదు. ఏ షాటు గురించి మాట్లాడుతున్నారో ఆ షాటే వేయండి, మాట అయిపోగానే తీసేయండి. వెనకాల పాట ఆడుతుండగా దానితో సంబంధం లేని విషయం మాట్లాడితే ఆ పాటకు ఏ మినహాయింపూ పట్టుకోవడం కష్టం. ఇక బొమ్మను అద్దంలోలా తిప్పడం, వేగం పెంచడం, శ్రుతి మార్చడం, చుట్టూ అంచు వేయడం వల్ల యంత్రం కళ్లు కప్పొచ్చేమో గానీ హక్కు ఏమీ రాదు. పైగా, పట్టుబడకుండా చూసుకున్నారు కాబట్టి తప్పని తెలుసునన్న వాదనకు అవే ఆధారాలు.

"చదువు కోసమే" అనేదానికీ హద్దుంది. జర్మనీలో ఒక విద్యార్థిని, ప్రయాణాల వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించే కోర్డోబా నగరం ఫొటో దించుకుని ప్రాజెక్టులో పెట్టింది. ఎక్కడి నుంచి తెచ్చిందో కూడా రాసింది. బడి దాన్ని తన వెబ్‌సైట్‌లోకి ఎక్కించింది. 2018లో యూరప్ న్యాయస్థానం దీన్ని కొత్త ప్రజలకు మళ్లీ అందించడంగా లెక్కగట్టింది, ఫొటోగ్రాఫర్ అనుమతి కావాలంది. తరగతి గోడకు అంటించి ఊరుకుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇదే న్యాయస్థానం 2014లో, యజమాని ఇష్టపూర్వకంగా అందరికీ తెరిచి ఉంచిన పేజీకి లింకు ఇవ్వడం ఉల్లంఘన కాదంది. తేడా ఎక్కడుందంటే, లింకు ఇచ్చినప్పుడు యజమాని తన పేజీ మూసేస్తే మీ దగ్గరా మాయమవుతుంది. దించి ఎక్కిస్తే ఆ పట్టు ఆయన చేయి జారిపోతుంది. లింకుతో పని జరిగే చోట ఫైలు దించుకోకండి.

లైసెన్సులు చదవడం

"రాయల్టీ ఫ్రీ" అంటే ఉచితం కాదు. ఒకసారి కట్టాక వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టక్కర్లేదని అర్థం, అంతే. "నో కాపీరైట్ మ్యూజిక్" అనే శీర్షికకు అర్థమే లేదు. ఆ సంగీతానికి హక్కుదారు ఉంటాడు, ప్రస్తుతానికి కొన్ని షరతులతో వదిలాడు. అతను రేపు దాన్ని ఏదైనా కంపెనీకి అప్పజెబితే మీ పాత వీడియో మీద క్లెయిమ్ వచ్చి పడొచ్చు. అందుకే దించుకున్న రోజే లైసెన్సు పేజీని తేదీ, వెబ్ అడ్రసు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి. యాప్‌లో దొరికే పాటలకూ షరతులున్నాయి. వ్యక్తిగత ఖాతాకు దొరికే పాటలన్నీ వ్యాపార ఖాతాకు ఉండవు. ఒక యాప్‌లోని పాటతో చేసిన వీడియోను ఇంకో యాప్‌లో వేస్తే ఆ అనుమతి వెంట రాదు.

క్రియేటివ్ కామన్స్ (సీసీ) అంటే, షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చని రచయిత ముందే ఇచ్చేసే లైసెన్సులు. వాటిలో ఉన్నవి నాలుగే షరతులు. బీవై అంటే పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే మార్చి పంచితే మీదీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వాణిజ్యానికి కుదరదు. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు. వీటి కలయికల్లో వచ్చేవే ఆరు లైసెన్సులు. సీసీ జీరో మాత్రం హక్కులన్నీ వదులుకోవడం. ఎన్‌డీ ఉన్న సంగీతాన్ని వీడియోకి జత చేయడమే మార్పు కిందికి వస్తుంది, చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. పేరు చెప్పేటప్పుడు నాలుగు ముక్కలు ఉండాలి: రచన పేరు, చేసినవారి పేరు, దొరికిన చోటికి లింకు, లైసెన్సు పేరు దాని లింకుతో సహా. మార్చి ఉంటే మార్చానని చెప్పాలి. "సీసీ ఫొటో" అని రాస్తే షరతు తప్పినట్టే, తప్పితే లైసెన్సు రద్దవుతుంది. 2013లో వచ్చిన 4.0 రూపంలో కొంచెం దయ ఉంది. తప్పు తెలిసిన 30 రోజుల్లో దిద్దుకుంటే లైసెన్సు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. అంతకుముందరి రూపాల్లో ఆ వెసులుబాటు లేదు. పాత సీసీ ఫొటోలు పెట్టి, పేరు సరిగా వేయనివాళ్లకు డబ్బు కట్టమని నోటీసులు పంపడమే పనిగా పెట్టుకున్నవాళ్లు ఉన్నది అందుకే.

ఇంకో ముఖ్యమైన అనుమానం: లైసెన్సు ఇచ్చినవాడికి అసలు ఆ హక్కు ఉందా? ఎవరో ఎత్తుకొచ్చిన ఫొటోను సీసీ అని పెడితే అది సీసీ కాదు. రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (ఫొటోనే ఇచ్చి, అది ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకడం) వేసి, అన్నిటికన్నా పాత తేదీ, పెద్ద సైజు ఉన్న ప్రతి ఎక్కడుందో చూడండి. ఒకే ఖాతాలో వేర్వేరు కెమెరాల, వేర్వేరు శైలుల ఫొటోలు కుప్పగా ఉంటే ఆ ఖాతాను నమ్మకండి.

డబ్బు పెట్టి కొన్నదాని సంగతి ఒక్క మాట. కాగితం పుస్తకం చదివాక అమ్ముకోవచ్చు. ఈబుక్ కొన్నామనుకుంటాం గానీ చాలావరకు దొరికేది లైసెన్సే. చదివేసిన ఈబుక్కులను ఆన్‌లైన్లో మళ్లీ అమ్మే వ్యాపారానికి హక్కుదారు అనుమతి కావాలని 2019లో యూరప్ న్యాయస్థానం తేల్చింది.

క్లెయిమ్ వచ్చాక

యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ క్లెయిమ్, కాపీరైట్ స్ట్రైక్ ఒకటి కావు. క్లెయిమ్‌ను ఎక్కువగా యంత్రమే పెడుతుంది. ఆదాయం క్లెయిమ్ పెట్టినవారికి పోతుంది, లేదా కొన్ని దేశాల్లో వీడియో కనిపించదు, ఛానెల్‌కు మచ్చ పడదు. స్ట్రైక్ అంటే చట్టపరమైన తొలగింపు నోటీసు అందిందని. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోవచ్చు.

క్లెయిమ్ వస్తే ముందు ఏ పొర మీద వచ్చిందో చూడండి, బాణీ మీదా, రికార్డింగు మీదా, దృశ్యం మీదా అని. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అన్నది కూడా అక్కడే ఉంటుంది. ఆ ముక్క కోసేయొచ్చు, ఆ పాట ఒక్కటీ తీసేయొచ్చు. లైసెన్సు ఉంటే వివాదం వేయొచ్చు. అయిదు రోజుల్లోపు వేస్తే క్లెయిమ్ పడ్డ మొదటి రోజు నుంచీ వచ్చే ఆదాయాన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులు. వాళ్లు తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు వాళ్ల గడువు 7 రోజులు. అయితే అప్పీలు దశలో వాళ్లు తొలగింపు నోటీసు ఇస్తే క్లెయిమ్ కాస్తా స్ట్రైక్ అవుతుంది. చేతిలో పత్రం లేకుండా, "ఫెయిర్ యూజ్" అని రెండు మాటలు రాసి అప్పీలు దాకా వెళ్లడం నిప్పుతో చెలగాటం.

స్ట్రైక్ తప్పుడుదైతే ప్రతినోటీసు ఇవ్వొచ్చు. అమెరికా చట్టం ప్రకారం ఫిర్యాదుదారు 10 నుంచి 14 పనిదినాల్లో దావా వేసినట్టు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. మీ పేరు, చిరునామా అవతలివారికి వెళ్తాయన్నది తెలుసుకునే సంతకం పెట్టండి. భారత నిబంధనల లెక్క వేరు. ఫిర్యాదు అందిన 36 గంటల్లో తొలగించాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టేయొచ్చు.

మీ ఫొటోనే ఎవరో ఎత్తుకుపోతే ముందు స్క్రీన్‌షాట్, ఆ తర్వాతే ఫిర్యాదు. వరుస మారితే సాక్ష్యం మాయమవుతుంది. నోటీసులో మీ అసలు రచన లింకు, నకలున్న చోటు పూర్తి లింకు, మీ సంప్రదింపు వివరాలు, అనుమతి లేదని నిజాయితీగా నమ్ముతున్నాననే వాక్యం, వివరాలు సరైనవనీ హక్కు మీదేననీ ప్రమాణం, సంతకం ఉండాలి. ప్రొఫైల్ లింకు ఇస్తే చాలదు, ఏ పోస్టో ఆ పోస్టు లింకే కావాలి.

మీరు వాడిన ఫొటోకు డబ్బు అడుగుతూ ఎవరి నుంచైనా ఉత్తరం వస్తే పారేయకండి, కంగారుపడి వెంటనే కట్టనూ కట్టకండి. ఫొటో మీదేనని చూపించండి, ఏ తేదీ నుంచి వాడామంటున్నారో చెప్పండి అని రాతపూర్వకంగా అడగండి. మొత్తం తగ్గించమని అడగొచ్చు, తగ్గిస్తారు కూడా. వాడకం మాత్రం ఆపేయండి, తొలగిస్తే జరిగిన కాలానికి బాధ్యత పోదు గానీ ముందుకు పెరగదు. తొలగించడంలోనే ఒక తిరకాసుంది. మీ వెబ్‌సైట్‌లో పోస్టు తీసేసినా బొమ్మ ఫైలు సర్వర్‌లో పాత అడ్రసులో తెరుచుకుంటూనే ఉంటుంది, అవతలివాళ్లు మళ్లీ చూసేది అక్కడే. మీడియా లైబ్రరీలోంచి అసలు ఫైలూ దాని చిన్న సైజు నకళ్లూ తీసేసి, ఆ అడ్రసును ఖాతా లాగవుట్ చేసిన బ్రౌజర్‌లో టైప్ చేసి, పేజీ దొరకలేదు అని వచ్చేదాకా చూడండి.